శకటరేఫ పట్టికలు: అక్షరాన్ని బట్టి పదాన్వేషణ – నెల్లూరు సీమ ఆధారంగా ఒక పరిశీలన

ఉపోద్ఘాతం

ఆంగ్లంలో పదక్రీడలు ఆడేవారు పదాల అర్థంతో నిమిత్తం లేకుండా, ఒక నిర్ణీతాక్షరం ఉన్న మాటలన్నిటినీ ఒకచోట చేర్చిన పట్టికలను వాడతారు. 1913 డిసెంబరు 21న ఆర్థర్ విన్ ‘న్యూయార్క్ వరల్డ్’ పత్రికలో గళ్ల ప్రహేళికను ప్రకటించాడు. 1948లో స్క్రాబుల్ అన్న పేరు పొందిన పలకల ఆట ఆ తరువాతి దశ. ఈ రెండింటి వ్యాప్తితో ఇటువంటి పట్టికల అవసరం పెరిగింది. పక్కన ‘యు’ లేకుండా ‘క్యూ’ వచ్చే మాటల జాబితా వీటిలో ప్రసిద్ధమైనది. ఆ మాటల్లో చాలా వాటి అర్థం ఆటగాడికి తెలియకపోవచ్చు. అవి నిఘంటువులో ఉన్నాయన్న సంగతి తెలిస్తే అతనికి చాలును.

తెలుగులో అక్షరాన్ని బట్టి పదాన్ని వెదికే పట్టికలు దీనికి దాదాపు మూడు శతాబ్దాల ముందే లక్షణ గ్రంథాలలో కనిపిస్తాయి. అవి పద్యరచన కోసం పుట్టాయి. వాటిలో ప్రధానమైనవి శకటరేఫ పట్టికలు, అంటే ‘ఱ’ ఉన్న మాటల జాబితాలు. ఇవి ఎందుకు పుట్టాయి, వేటిని ప్రమాణంగా తీసుకున్నాయి, సాహిత్య చరిత్రపై ఎటువంటి ప్రభావం చూపాయి, నేటి పరిశోధకుడు వీటిని ఎంతవరకు నమ్మవచ్చు అన్న ప్రశ్నలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఉదాహరణలకు మనుబోలు, గూడూరు, కండలేరు వంటి నెల్లూరు సీమ స్థలనామాలను తీసుకోవడం జరిగింది. ఈ సీమ తమిళ ప్రాంతానికి పొరుగున ఉండడం, తిక్కన, కేతన వంటి కవులకు నెలవు కావడం ఇందుకు కారణాలు.

అర్థక్రమం – అక్షరక్రమం

తెలుగులో తొలి పద్య నిఘంటువులు అమరకోశం బాటలో నడిచాయి. పైడిపాటి లక్ష్మణకవి ‘ఆంధ్రనామ సంగ్రహము’, ఆడిదము సూరకవి ‘ఆంధ్రనామ శేషము’ పదాలను వర్గాలుగా విభజించి, ఒక వస్తువుకు ఉన్న పర్యాయపదాలన్నిటినీ వరుసగా చెబుతాయి. కవికి అర్థం తెలుసు, దానికి తగిన మాట కావాలి. ఈ నిఘంటువులు ఆ అవసరాన్ని తీరుస్తాయి.

ప్రాసస్థానంలో కవి అవసరం దీనికి విలోమంగా ఉంటుంది. అక్కడ అక్షరం ముందే నిర్ణయమై ఉంటుంది. ఆ అక్షరం గల మాటలలో సందర్భానికి పొసగే అర్థం గలదానిని అతడు ఏరుకోవాలి. వృత్తాలలోను, కందంలోను మొదటి పాదం రెండో అక్షరంలో ఏ హల్లు ఉందో తక్కిన పాదాలలోనూ అదే హల్లు ఉండాలి. దానిమీది అచ్చు మారవచ్చును. మొదటి అక్షరం మాత్రం అన్ని పాదాలలోను గురువైతే గురువే, లఘువైతే లఘువే కావాలి. ఆంగ్ల పదక్రీడలో ఏకాంశం ఒక అక్షరం. తెలుగు ప్రాసలో ఏకాంశం అచ్చును మినహాయించిన హల్లు. దానితో పాటు ముందున్న అక్షరపు తూకం కూడా లెక్కలోకి వస్తుంది.

దీనికి తోడు మరొక విశేషం ఉంది. పాదం ముగిసేచోట మాట కూడా ముగియాలన్న నియమం తెలుగు పద్యానికి లేదు. మాట ఒక పాదం చివర మొదలై తరువాతి పాదంలోకి సాగవచ్చు. కనుక పాదంలో రెండోదైన అక్షరం మాటలో మూడోది కావచ్చు, నాలుగోది కావచ్చు. ఈ కారణంగా ప్రాసకు ఉపకరించే పట్టిక ఆద్యక్షరాన్ని బట్టి గాని, ద్వితీయాక్షరాన్ని బట్టి గాని మాత్రమే ఉంటే సరిపోదు. ఆ అక్షరం మాటలో ఎక్కడున్నా అది పట్టికలోకి రావాలి. అవధానంలోని న్యస్తాక్షరి, నిషిద్ధాక్షరి కూడా అక్షర నిర్బంధాలే. మొదటిదానిలో పృచ్ఛకుడు కోరిన అక్షరం కోరిన చోట పడాలి. రెండోదానిలో అతడు వద్దన్న అక్షరాన్ని తప్పించుకుంటూ పద్యం సాగాలి. అయితే ఇవి అవధాని ధారణకు, స్ఫురణకు పెట్టే పరీక్షలు గనుక అక్కడ పట్టికకు తావు లేదు. తీరికగా కూర్చుని కావ్యం రాసే కవికే పట్టికతో పని.

‘ఱ’ కే పట్టిక ఎందుకు?

కకారానికో, మకారానికో లాక్షణికులు పట్టికలు కూర్చలేదు. ‘కలము’లో ఉన్నది కకారమేనని కవికి చెవి చెబుతుంది. చెవి చెప్పలేనిచోటనే పట్టిక కావలసివస్తుంది.

ప్రాచీనాంధ్రంలో ర, ఱ వేర్వేరు ధ్వనులు. అర్థభేదకాలు కూడాను. ‘వేరు’ అంటే చెట్టు మూలం, ‘వేఱు’ అంటే భిన్నం. ‘అర’ సగం, ‘అఱ’ గది. ‘ఏరు’ నాగలి, ‘ఏఱు’ నది. వ్యాకర్తలు మొదటి ధ్వనిని లఘురేఫ అని, సాధురేఫ అని పిలిచారు. రెండోది అలఘురేఫ, శకటరేఫ, లోకవ్యవహారంలో బండి ‘ఱ’. తమిళం ఈ భేదాన్ని లిపిలో నేటికీ నిలుపుకొన్నది. అక్కడ మూలాన్ని చెప్పే మాట సాధురేఫతోను, భిన్నార్థకమైన మాట శకటరేఫతోను కనిపిస్తాయి. తెలుగులో ఈ రెండు ధ్వనులు క్రమంగా ఏకమై, శకటరేఫ ఉచ్చారణలో లఘురేఫలో కలిసిపోయింది.

ఈ పరిణామం ఛందస్సులో చిక్కు తెచ్చింది. పూర్వకవులు రెండు ధ్వనులనూ వేర్వేరుగా పలికినవారు గనుక ప్రాసలో వాటిని కలపలేదు. లాక్షణికులలో అధికులు ఆ ప్రయోగాన్నే నియమంగా స్వీకరించి, ర–ఱల ప్రాసమైత్రిని నిషేధించారు. తరువాతి కవి దృష్టితో చూస్తే దీని భారం తెలుస్తుంది. ఊరు, పేరు, నీరు, వేరు. ఏఱు, నూఱు, మాఱు, వేఱు. ఈ ఎనిమిది మాటలలోను మొదటి అక్షరం గురువు, రెండోదానిలో రేఫధ్వని. భేదం వినిపించని కవికి ఇవన్నీ ఒకే ప్రాసకు పనికివచ్చే మాటలు. లాక్షణికుడు వాటిని నాలుగేసిగా చీల్చాడు. ఏ నాలుగు ఎటు చేరతాయో చెవి చెప్పదు గనుక పట్టిక అవసరమైంది.

ఇక్కడ ‘ఴ’ చరిత్రతో పోల్చి చూడడం ఉపయుక్తం. తమిళంలో ఏఴు, కోఴి అని ఉన్నచోట తెలుగులో ఏడు, కోడి అని ఉన్నాయి. రేనాటి చోళుల కాలం నాటి శాసనాలలో కనిపించే ఈ అక్షరం నన్నయ నాటికే వాడుక నుంచి తొలగిపోయింది. అందుచేత తెలుగు లక్షణ గ్రంథాలకు ‘ఴ’ పట్టికతో పని కలగలేదు. కన్నడంలో స్థితి వేరు. అక్కడి ప్రాచీన కావ్యాలు ఆ ధ్వనిని పాటించాయి. 13వ శతాబ్దిలో కేశిరాజు ‘శబ్దమణిదర్పణము’లో ఆ అక్షరం గల మాటలను పరిగణించి చూపాడు. ఈ రెండు ఉదాహరణలు కలిపి చూస్తే ఒక సూత్రం తేలుతుంది: వ్యవహారం పోగొట్టుకున్న భేదాన్ని కావ్యం నిలుపుకొన్నప్పుడే అక్షర పట్టిక పుడుతుంది. వ్యవహారంలో భేదం ఉన్నంతకాలం దాని అవసరం లేదు. కావ్యభాషలో కూడా భేదం లేనప్పుడు దానికి ఆధారం లేదు.

అప్పకవి నుంచి శబ్దరత్నాకరం దాకా

నన్నయ, తిక్కనల ప్రయోగాలు ఈ నియమానికి ప్రధాన లక్ష్యాలు. తిక్కనకు ‘దశకుమారచరిత్రము’ను అంకితమిచ్చిన మూలఘటిక కేతన 13వ శతాబ్దిలోనే ‘ఆంధ్రభాషాభూషణము’ అనే పద్య వ్యాకరణం రచించాడు. తెలుగులో తెలుగుకు వ్యాకరణం రాయడం అక్కడినుంచే మొదలైంది. అయితే శకటరేఫ చర్చ విస్తరించినది తరువాతి శతాబ్దులలో. కాకునూరి అప్పకవి 1656లో ఆరంభించిన ‘అప్పకవీయము’ ఇందులో ముఖ్యమైనది. శకటరేఫ గల మాటలను అతడు పద్యాలలో కూర్చి ఇచ్చాడు. పద్యంలో ఉండడం వల్ల ఆ పట్టిక కంఠస్థం చేయడానికి వీలైంది. కవి తాటాకు గ్రంథం విప్పి వెదకనవసరం లేకుండా మనసులోనే వెదుకుకోగలిగాడు.

ముద్రణ యుగంలో పట్టిక రూపం మారింది. 1858లో వెలువడిన ‘బాలవ్యాకరణము’లో చిన్నయసూరి తెలుగు వర్ణాలను 36గా లెక్కించాడు. బహుజనపల్లి సీతారామాచార్యులు 1885లో ప్రకటించిన ‘శబ్దరత్నాకరము’ ప్రతి ఆరోపంలోను ర–ఱల భేదాన్ని, అరసున్నను పాటించింది. 1936లో తొలి సంపుటం వెలువడిన ‘సూర్యరాయాంధ్ర నిఘంటువు’ ఆ మార్గాన్నే కొనసాగించింది. విడిగా ఉన్న పట్టిక ఇలా అకారాది నిఘంటువులో కలిసిపోయింది. దీనివల్ల ఒక మాటలో ఏ రేఫ ఉందో తెలుసుకోవడం సులభమైంది. ఏయే మాటలలో శకటరేఫ ఉందో ఒక్కచోట చూడడం మాత్రం కష్టమైంది. అకారాది క్రమం ఆద్యక్షరాన్ని పట్టి నడుస్తుంది గనుక మాట నడుమ ఉన్న అక్షరం దానికి కనబడదు.

పోతన ప్రామాణ్యం

పట్టిక కేవలం సహాయక సాధనంగా ఆగిపోలేదు, కొలబద్ద కూడా అయింది. పోతన భాగవతం నుంచి లాక్షణికులు ఉదాహరణలు స్వీకరించకపోవడానికి అందులోని రేఫ–శకటరేఫల సాంకర్యం ఒక కారణమని సాహిత్య చరిత్రలో తరచుగా వినవచ్చే మాట. ఇళ్లలో, ఆలయాల అరుగుల మీద తరతరాలుగా పఠిస్తూ వచ్చిన కావ్యానికి లక్షణ గ్రంథంలో లక్ష్యంగా నిలిచే అర్హత లేకుండా పోవడం చిన్న విషయం కాదు. ఆ భాగవతంలో కొన్ని భాగాలు వెలిగందల నారయ, ఏర్చూరి సింగన, బొప్పరాజు గంగనల పూరణలు కావడం ఈ చర్చను మరింత క్లిష్టం చేసింది.

ఈ తీర్పును భాషాచరిత్ర దృష్టితో పునఃపరిశీలించవలసి ఉంది. 15వ శతాబ్ది కవి ర–ఱలను ప్రాసలో కలిపాడంటే, అతని ఉచ్చారణలో అవి ఏకమై ఉండడం అందుకు సహజమైన కారణం. లాక్షణికుడు దానిని దోషమన్నాడు; భాషాశాస్త్రజ్ఞుడికి అది సాక్ష్యం. భేదం పాటించిన సమకాలిక కవి ప్రాచీన ప్రయోగాన్ని అధ్యయనం చేసి నేర్చుకున్నవాడు కావచ్చు. కలిపిన కవి తన చెవిని నమ్మినవాడు. ధ్వని పరిణామ చరిత్రకు రెండోవాడు తక్కువ విలువైన సాక్షి కాడు. సాంకర్యమున్న కావ్యాన్ని లక్ష్యకోటి నుంచి తొలగించడం వల్ల పట్టికకు ఏకరూపత వచ్చింది. ఆ ఏకరూపత భాషలో ఉన్నది కాదు, లక్ష్యాల ఎంపిక వల్ల ఏర్పడినది.

నెల్లూరు సీమ పేర్లలో రేఫలు

ఈ సమస్యను పుస్తకాల వెలుపల చూడడానికి స్థలనామాలు తోడ్పడతాయి. మనుబోలు నెల్లూరుకు, గూడూరుకు నడుమ ఉన్న ఊరు. నెల్లూరు, గూడూరు అన్న రెండు పేర్ల చివర ఉన్నది ‘ఊరు’. తమిళంలో అది ‘ఊర్’, సాధురేఫాంతం. ఇదే జిల్లాలోని కండలేరు పేరు చివర ఉన్నది ‘ఏఱు’. నదికి తమిళంలో ‘ఆఱు’, అక్కడ శకటరేఫ. పూర్వ లక్షణం ప్రకారం గూడూరు రేఫ, కండలేఱు రేఫ ఒక ప్రాసలో చేరవు. ఈనాడు సూచిక ఫలకాల మీద గాని, పాఠ్యపుస్తకాలలో గాని, జనం నోట గాని ఆ రెంటికీ భేదం లేదు. ఈ భేదాన్ని చెప్పగలవి రెండే. ఒకటి లక్షణ సంప్రదాయం, రెండోది సోదరభాష. వాటిలో రెండోది తెలుగు లాక్షణికుల ప్రమాణాలపై ఆధారపడనిది. ఇక్కడ రెండూ ఏకీభవించడం పట్టిక విశ్వసనీయతను బలపరుస్తుంది.

మనుబోలు పేరులోని ఉత్తరపదం మరో రేఫ కథను సూచిస్తుంది. పురవాచకమైన ‘ప్రోలు’ భట్టిప్రోలు, నిడుబ్రోలు వంటి పేర్లలో రేఫతో నిలిచింది. నిడదవోలు వంటి పేర్లలో రేఫ జారిపోయింది. మనుబోలులోని ‘బోలు’ కూడా ఈ రెండో కోవకు చెందిన రూపంగా భావించడానికి అవకాశం ఉంది. కవిత్రయంలో ఎఱ్ఱన పేరు మరొక నిదర్శనం. గుడ్లూరు ప్రాంతం వాడుగా ప్రసిద్ధుడైన ఆ కవి పేరులోనే శకటరేఫ ద్విత్వం ఉంది. నేడు ఎక్కువమంది ‘ఎర్రన’ అనే రాస్తున్నారు.

వలయ ప్రమాణం – దాని నుంచి బయటపడే మార్గం

శకటరేఫ విషయంలో నేటి పరిశోధకుడికి ఎదురయ్యే ప్రధానమైన చిక్కు ప్రమాణాల పరస్పరాశ్రయం. నిఘంటువు తన శకటరేఫకు ముద్రిత కావ్యాలను ప్రమాణంగా చూపుతుంది. కావ్యాన్ని పరిష్కరించే పండితుడు రాతప్రతులలో ర–ఱలు తారుమారైనచోట లక్షణ గ్రంథాన్ని, నిఘంటువును అనుసరించి దిద్దుతాడు. దిద్దిన ముద్రణ మళ్లీ నిఘంటువుకు ఆధారమవుతుంది. లేఖకులు ఈ రెండక్షరాలను తరచు కలిపివేసేవారు కనుక, పద్యం నడుమ ఉన్న శకటరేఫ కవిదో, లేఖకుడిదో, పరిష్కర్తదో ముద్రణను బట్టి చెప్పలేము.

దీని నుంచి బయటపడడానికి ఆధారాలను మూడు తరగతులుగా విడదీసి చూడడం అవసరం. మొదటిది శాసనం. అలన్ బటర్‌వర్త్, వి. వేణుగోపాల్ చెట్టి 1905లో మూడు సంపుటాలుగా ప్రకటించిన నెల్లూరు జిల్లా శాసనాలు ఈ ప్రాంతానికి గొప్ప ఆకరం. రాతిమీద చెక్కిన అక్షరాన్ని తరువాతి పండితుడు దిద్దలేడు. శిలాముద్రికతో సరిపోల్చుకుంటే ఏ కాలంలో ఏ మాటలో ర–ఱలు తారుమారయ్యాయో గుర్తించవచ్చు. రెండోది ప్రాసస్థానం. నాలుగు పాదాలలో మూడింట శకటరేఫ నిశ్చితమైనప్పుడు నాలుగో మాటను నిర్ణయించవచ్చును. అయితే ఆ కవి రెండు రేఫలనూ కలపనివాడని ముందుగా తేలాలి. మూడోది సోదరభాషల సాక్ష్యం. తమిళ, ప్రాచీన కన్నడ రూపాలు దీనికి ఉపకరిస్తాయి. ఈ మూడూ కలిసినచోట శకటరేఫ సిద్ధం. పట్టిక ఒక్కటే చెప్పినచోట అది సంప్రదాయమని గుర్తించి ఊరుకోవడం మేలు.

ప్రాచీన గ్రంథాలను కంప్యూటర్‌లోకి ఎక్కిస్తున్న ఈ కాలంలో దీనికి ఆచరణాత్మకమైన ప్రాధాన్యం కూడా ఉంది. యూనికోడ్ ర, ఱలకు వేర్వేరు సంకేతాలనిచ్చింది. 2014లో ‘ఴ’ను కూడా చేర్చింది. అందువల్ల ఒక అక్షరం మాటలో ఎక్కడున్నా వెదికి తీయడం నేడు క్షణకాలపు పని. అప్పకవి పద్యాలలో కూర్చిన పట్టికను ఏ కావ్యం నుంచైనా మళ్లీ తయారు చేసుకోవచ్చు. కాని కావ్యాన్ని ఎక్కించేటప్పుడు శకటరేఫలన్నిటినీ సాధురేఫలుగా మార్చివేస్తే ఆ అవకాశం పోతుంది. నిఘంటువును బట్టి అన్నిటినీ దిద్దినా పైన చెప్పిన వలయంలోనే పడతాము. ప్రతిలో ఉన్నదాన్ని ఉన్నట్లుగా ఎక్కించి, పరిష్కరణను వేరుగా గుర్తించడమే శాస్త్రీయం.

ఆటలోకి మారిన అక్షరం

ఇరవయ్యవ శతాబ్దిలో అక్షరాన్ని బట్టి పదాన్ని వెదకడం మళ్లీ ఆటగా మారింది. శ్రీశ్రీ పదబంధ ప్రహేళికలు, ఆరుద్ర గళ్ల నుడికట్లు పత్రికా పాఠకులకు సుపరిచితాలు. దేశంలో బహుమతుల పోటీలు ఎంత విస్తరించాయంటే, వాటిని అదుపు చేయడానికి పార్లమెంటు 1955లో ఒక చట్టం చేయవలసివచ్చింది. నెలకు బహుమతుల మొత్తం వెయ్యి రూపాయలు, పోటీకి వచ్చే పరిష్కారాలు రెండు వేలు మించరాదని ఆ చట్టం పరిమితి విధించింది. 1957లో సర్వోన్నత న్యాయస్థానం ఆ చట్టాన్ని సమర్థిస్తూ, అది నైపుణ్యంపై గణనీయంగా ఆధారపడే పోటీలకు వర్తించదని స్పష్టం చేసింది. తెలుగు గడిలో ఏకాంశం గుణింతంతో కూడిన అక్షరం. ప్రాసలో పట్టించుకోని అచ్చు ఇక్కడ తప్పనిసరి. ప్రాసలో తప్పనిసరి అయిన రేఫభేదం ఇక్కడ సాధారణంగా లెక్కకు రాదు. ‘ఏరు’ అన్న ఆధారానికి నదైనా, నాగలైనా సమాధానమే. ఒకప్పుడు రెండుగా ఉన్న మాటలు ఒకటైనందున కూర్పరికి శ్లేష దొరికింది.

ముగింపు

శకటరేఫ పట్టికలు ఛాదస్తపు నియమాల మూట అన్న అభిప్రాయం, అవి మార్పులేని ప్రాచీన సత్యాలన్న అభిప్రాయం రెండూ పరిశీలనకు నిలవవు. తమిళంతో సరిపోల్చినప్పుడు ఆ పట్టికలలోని మూలపదాలు నిజమైన ప్రాచీన భేదాన్ని భద్రపరచాయని తెలుస్తుంది. చెవికి అందని భేదాన్ని శతాబ్దుల పాటు కంఠస్థంగా కాపాడిన లాక్షణికుల శ్రమ తక్కువది కాదు. అదే సమయంలో, ఆ పట్టికతో కొలిచి కవుల ప్రామాణ్యాన్ని నిర్ణయించడం వల్ల మన భాషాచరిత్రకు కావలసిన సాక్ష్యం కొంత మరుగునపడింది. భాగవతంలో ర–ఱలు కలిసిన ప్రాసలను దోషాల లెక్కగా కాక, ధ్వని పరిణామానికి ఆధారాలుగా రాతప్రతులనుంచి మళ్లీ సేకరించవలసి ఉంది. నెల్లూరు శాసనాలతో వాటిని కాలక్రమంలో పక్కపక్కన ఉంచి చూడగలిగితే, గూడూరు రేఫ, కండలేఱు రేఫ తెలుగువారి నోట ఎప్పుడు ఒకటయ్యాయన్న ప్రశ్నకు పట్టికల వెలుపలి నుంచి సమాధానం లభిస్తుంది.